విజయనగరంలో బస ఎక్కడ? ఏ బడ్జెట్‌కైనా సరిపడే చోటును ఎంచుకోవడం ఎలా?

విజయనగరం చూడడానికి వచ్చే బంధుమిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది "మంచి లాడ్జి ఏది?" అని. జవాబు చెప్పేముందు నేను వారిని ఒక మాట అడుగుతాను: "తెల్లవారి ఆరింటికి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" పాత ఊళ్ళలో బస విషయం గది అద్దె దగ్గర కంటే ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువగా తేలుతుంది. ఎంత ఖర్చు పెట్టగలరన్నది దాని తర్వాత చూసుకోవలసిన సంగతి. ఈ వరుస తారుమారైతే డబ్బు ఉన్నవారికైనా లేనివారికైనా ఊరు సరిగా చూసిన తృప్తి మిగలదు.

ముందుగా మీ ఊరిని గీసుకోండి

ఒక కాగితం మీద మీరు చూడదలచిన చోట్లు రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన ఏ వేళకు చూడాలో రాయండి. 1713లో పునాది వేసిన కోట, పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి, గంటస్తంభం, అమ్మవారి విగ్రహం దొరికిన పెద్దచెరువు, గురజాడ అప్పారావు గారు నివసించిన ఇల్లు, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల, ఇవన్నీ పాత ఊళ్ళోనే ఉన్నాయి. కాళ్ళలో ఓపిక ఉన్నవారు వీటిని నడిచే చూడవచ్చు. పొద్దున్నే మూడు లాంతర్ల దగ్గర పూలవాళ్ళు దండలు కట్టుకుంటుండగా గుడికి వెళ్ళి, ఎండ ముదరకముందే కోట గోడల వెంట ఒక చుట్టు తిరిగి, గదికి వచ్చి టిఫిన్ చేసి కాసేపు నడుము వాల్చి, సాయంత్రం మళ్ళీ బయలుదేరడం ఈ ఊరికి సరైన పద్ధతి. మధ్యాహ్నం వచ్చి వాలడానికి గది దగ్గరలో ఉంటేనే అది సాగుతుంది. అందుకే ఊరు చూడడానికే వచ్చేవారు కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం చుట్టుపక్కల ఉండాలని నా గట్టి అభిప్రాయం, గది కొంచెం చిన్నదైనా సరే.

కోటలోనే బస చేయవచ్చా అని కొందరు అడుగుతారు. ఇక్కడి కోటలో రాజకుటుంబం స్థాపించిన మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలు నడుస్తున్నాయి. రాజస్థాన్‌లో మాదిరిగా రాజభవనంలో రాత్రి గడిపే ఏర్పాటు ఉంటుందనుకుని రావద్దు.

చూడదలచినవి ఊరి బయట ఉంటే లెక్క వేరు. సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని రామతీర్థం, అక్కడి గురుభక్తులకొండ మీది బౌద్ధారామ శిథిలాలు చూసేవారికి, రాయపూర్ రైలు మార్గం మీదున్న బొబ్బిలికి వెళ్ళి దగ్గరలోని గొల్లపల్లిలో వీణలు చెక్కే పని చూడాలనుకునేవారికి ఆర్టీసీ కాంప్లెక్సు లేదా రైల్వేస్టేషను దగ్గర దిగడం సుఖం. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం మీ జాబితాలో ఉంటే ఆ రాత్రికి శ్రీకాకుళంలోనే పడుకోండి. రైల్లో వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి శ్రీకాకుళం పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా బస్సులోనో ఆటోలోనో వెళ్ళాలి. అర్ధరాత్రి దిగేవారికి ఈ దూరం చిన్న విషయం కాదు.

తర్వాత పంచాంగం చూడండి

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది, ముందురోజు సోమవారం తొలేళ్ళు అనే వేడుక. ఎత్తైన చింతమాను కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చోగా సిరిమాను చదురుగుడి నుంచి కోటకు మూడుసార్లు వెళ్ళి వస్తుంది. లక్షల మంది చూడడానికి వస్తారు. ఆ రెండు రోజులు ఊళ్ళో గది దొరకడం గగనం, దొరికినా అద్దె మామూలు రోజుల అద్దె కాదు.

కొన్నేళ్ళ క్రితం శ్రీకాకుళం నుంచి మా పెద్దత్తయ్య సిరిమాను చూడాలని వచ్చినప్పుడు ఇల్లంతా చుట్టాలతో నిండి ఉండడంతో, ఊరి చివర కొత్తగా కట్టిన ఒక హోటల్లో ఆవిడకు గది తీసుకున్నాను. గది విశాలం, మంచాలు శుభ్రం, కారు నిలుపుకోవడానికి బోలెడు చోటు. తీరా ఉత్సవం నాడు వాహనాలను ఊరి మొదట్లోనే ఆపేశారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎండలో నడవలేక నడవలేక కూడలి దాకా వచ్చి, మళ్ళీ గదికి వెళ్ళి రావడం సాధ్యం కాక, ఒక దుకాణం అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుండిపోయింది. ఆ దుకాణదారు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. "గది ఎంత గొప్పదైతే ఏం లాభంరా, దాని దగ్గరికి పోలేనప్పుడు?" అన్న ఆవిడ మాట నాకు ఇప్పటికీ గుర్తే. మరుసటి ఏడు మూడు నెలల ముందే పాత ఊళ్ళో ఇరుకైన ఒక లాడ్జిలో గది మాట్లాడి ఉంచాను. ఆవిడ మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు తీసి, బాజాలు వినపడ్డాక మెల్లగా నడిచి వెళ్ళి చూసి వచ్చింది.

కాబట్టి ఉత్సవానికి వచ్చేవారు రెండు మూడు నెలల ముందు గది ఖాయం చేసుకోవాలి. ఉత్సవం కోసం కాక ఊరు చూడడానికే వచ్చేవారు ఆ వారాన్ని తప్పించడం మేలు. శ్రీకాకుళం వైపు రథసప్తమికి, రామతీర్థం వైపు శ్రీరామనవమికి ఇదే జాగ్రత్త అవసరం. అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరంలో తుపానుల కాలం అన్నది కూడా మరిచిపోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్ళం. ఆ నెలల్లో వచ్చేవారు జనరేటరు ఉందా అని అడగడంతో ఆగకుండా, అది లిఫ్టుకూ నీళ్ళ మోటారుకూ కూడా పనిచేస్తుందా అని అడగాలి.

డబ్బు లెక్క గది అద్దెతో ముగియదు

గది అద్దె, రోజూ అయ్యే ఆటో ఖర్చు, తిండి ఖర్చు కలిపి చూడండి. ఉదాహరణకు ఊరి బయట 900 రూపాయల గది తీసుకుని రోజుకు నాలుగుసార్లు ఆటోకు వందేసి ఇస్తే ఆ గది 1,300 పడినట్టే. ఊరి మధ్యలో 1,200 అడిగిన గది దానికంటే చవక. పైగా మధ్యాహ్నం విశ్రాంతి కలిసి వస్తుంది.

అద్దె ఏ గంట నుంచి ఏ గంటకు అన్నది మరో ముఖ్యమైన సంగతి. కొన్ని లాడ్జిల్లో 24 గంటల లెక్క ఉంటుంది, మీరు దిగిన వేళ నుంచి మరుసటి రోజు అదే వేళ వరకు. కొన్ని చోట్ల మధ్యాహ్నం 12 గంటలకు రోజు మారుతుంది. హౌరా–చెన్నై మార్గంలో రైళ్ళు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. తెల్లవారుజామున మూడింటికి దిగినవారు మధ్యాహ్నం 12కు రోజు మారే చోట చేరితే తొమ్మిది గంటలకే ఒక రోజు అద్దె కరిగిపోతుంది. అలాంటప్పుడు 24 గంటల లెక్క ఉన్నచోటును వెతకండి. లేదా మీ టికెట్ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో రైల్వే విశ్రాంతి గది దొరుకుతుందేమో చూసి, తెల్లవారే వరకు అక్కడ ఉండి తర్వాత ఊళ్ళోకి రండి.

జీఎస్టీ సంగతి కూడా ముందే అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు లేదా అంతకు తక్కువ అద్దె ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను. ఫోనులో చెప్పిన అద్దె పన్నుతో కలిపా, విడిగానా అని ఒక్క మాట అడిగితే ఖాళీ చేసే వేళ కౌంటరు దగ్గర వాదన ఉండదు.

మీ స్తోమతకు తగిన చోటు

తక్కువ ఖర్చులో ఉండదలచినవారు సత్రాల గురించి వాకబు చేయాలి. అంబటి సత్రం పేరుతో ఈ ఊళ్ళో ఒక కూడలే ఉందంటే యాత్రికులకు నీడనిచ్చే సంప్రదాయం ఇక్కడ ఎంత పాతదో ఊహించుకోవచ్చు. సత్రాల్లో గది సాదాగా ఉంటుంది, కొన్ని చోట్ల వంట గురించి, మద్యం గురించి, రాత్రి తలుపులు మూసే వేళ గురించి నియమాలు ఉంటాయి. వాటిని పాటించగలిగినవారికి ఇంతకంటే మంచి బస లేదు. ఒంటరిగా వచ్చే విద్యార్థులకు స్టేషను, బస్‌స్టాండు దగ్గరి చిన్న లాడ్జిలు సరిపోతాయి.

మధ్యతరగతి కుటుంబానికి నా సలహా ఏమిటంటే, ఏసీ కంటే ముందు చోటుకు, చోటు తర్వాత స్నానాల గదికి ప్రాధాన్యం ఇవ్వండి. పెద్దవాళ్ళు ఉంటే కింది అంతస్తు గానీ లిఫ్టు గానీ తప్పనిసరి. నలుగురైదుగురు ఉంటే రెండు గదులకు బదులు అదనపు పరుపు వేసే పెద్ద గది అడగండి. చాలాచోట్ల అది చవకగా వస్తుంది.

ఖర్చుకు వెనకాడనివారు విశాఖపట్నంలో పెద్ద హోటల్లో దిగి, సుమారు 60 కిలోమీటర్లు కారులో వచ్చి చూసి వెళ్తుంటారు. సముద్రం, సౌకర్యాలు ముఖ్యమైతే అది తప్పేమీ కాదు. అయితే పొద్దున ఊరూ, దీపాలు పెట్టే వేళ కూడలీ వారికి దక్కవు. ఒక్క రాత్రయినా విజయనగరంలో ఉన్న మంచి హోటల్లో గడపమని నేను వారిని బతిమాలుతాను.

డబ్బు కట్టేముందు గది చూడండి

నేరుగా వెళ్ళినప్పుడు "ఒకసారి గది చూపించండి బాబూ" అని మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. లోపలికి వెళ్ళాక ముందుగా తలుపు వేసి లోపలి గడియ పెట్టి చూడండి. చెక్క ఉబ్బి గడియ రంధ్రంలోకి దిగకపోతే ఆ గది వద్దు. తర్వాత దిండు గలీబు తీసి దిండు వాసన చూడండి, దుప్పటి కంటే దిండే నిజం చెబుతుంది. కుళాయి తిప్పి ధార ఎలా వస్తుందో, బకెట్టు అడుగు నాచు పట్టిందో లేదో చూసి, వేడినీళ్ళు గీజరువా, లేక పొద్దున కొన్ని గంటలే ఇస్తారా అని అడగండి. కిటికీకి దోమతెర ఉందా, కిటికీ రోడ్డు వైపా వెనక వైపా అన్నది ఆఖరున చూడవలసినది. పాత ఊళ్ళో రోడ్డు వైపు గదికి రాత్రి పొద్దుపోయేదాకా బస్సుల హారన్లు, పండుగ రోజుల్లో మైకుల మోత తప్పవు. నిద్ర తేలికగా పట్టనివారు వెనక వైపు గది అడగాలి.

ఫోనులో మాట్లాడి ఖాయం చేసుకుంటే పేరు, తేదీ, గది రకం, ఒప్పుకున్న అద్దె, ఇచ్చిన అడ్వాన్సు వాట్సాప్‌లో రాసి పంపించి "సరే" అనిపించుకోండి. గుర్తింపు కార్డు ప్రతి పెద్దవారికీ అడుగుతారు. ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి ముందే తీసి ఉంచుకోవడం భద్రం. ఆడవాళ్ళు ఒంటరిగా వస్తుంటే రాత్రంతా కౌంటరులో మనిషి ఉంటారా, రాత్రి వెళ్ళి వచ్చే దారిలో దుకాణాలూ దీపాలూ ఉంటాయా అన్నది అద్దె కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

వెళ్ళే రోజు రైలు సాయంత్రానికి ఉంటే, గది ఖాళీ చేశాక సామాను కౌంటరు దగ్గర ఉంచుతారా అని చేరిన రోజే అడిగి పెట్టుకోండి. ఉంచుతామంటే పెట్టెకు తాళం వేసి, డబ్బూ నగలూ మీ దగ్గరే ఉంచుకుని, పెద్దచెరువు గట్టు మీదికి మరోసారి వెళ్ళి రావడానికి మీకు ఒక పూట మిగులుతుంది.