సొంత కారులో విదేశీ ప్రయాణం: కార్నే, డ్రైవింగ్ పర్మిట్, గ్రీన్ కార్డుల దరఖాస్తు విధానం

సొంత కారును మరో దేశానికి తీసుకువెళ్లేవారిలో చాలామంది మొదట ఆలోచించేది డ్రైవింగ్ లైసెన్సు గురించే. నిజానికి కావలసిన పత్రాలన్నిటిలోకీ తేలికగా దొరికేది అదే. సరిహద్దులోని కస్టమ్స్ అధికారి దృష్టిలో కారు ఒక విలువైన సరుకు. సుంకం చెల్లించకుండా దేశంలోకి వచ్చిన ఆ సరుకు గడువులోగా తిరిగి వెళ్లిపోతుందనే పూచీ ఆయనకు కావాలి. ఆ పూచీ సమకూర్చుకోవడానికే ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పడుతుంది కాబట్టి, దరఖాస్తుల పని అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

అంతకంటే ముందు వెళ్లదలచిన దేశాల జాబితా రాసుకోవాలి. ఒక్క పూట దాటిపోయే దేశం కూడా ఇందులో ఉండాలి, ఎందుకంటే కస్టమ్స్ నియమాలకు ఆగేవారు, దాటిపోయేవారు అనే తేడా సాధారణంగా ఉండదు. ఒక్కో దేశానికి కారు తాత్కాలిక దిగుమతికి ఏ పత్రం కావాలో, ఏ నమూనా డ్రైవింగ్ పర్మిట్‌ను గుర్తిస్తారో, బీమా ముందే ఉండాలో సరిహద్దులో కొనాలో ఆ దేశపు కస్టమ్స్ శాఖ, రాయబార కార్యాలయం ఇచ్చే సమాచారం చూసి రాసుకోవాలి. ఇతర ప్రయాణికుల అనుభవాలు పనికొస్తాయి గాని, నియమం మారిందో లేదో వాటివల్ల తెలియదు.

కారు పత్రాలు

ఏ దరఖాస్తుకైనా మూలం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టే. అందులోని యజమాని పేరు, పాస్‌పోర్టులోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి. ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును కాగితం మీద చదివి ఊరుకోకుండా బండి మీద ఉన్న అంకెలతో పోల్చి చూడాలి. ఇంజిన్ ఎప్పుడైనా మార్పించి ఆ వివరం రిజిస్ట్రేషన్‌లో నమోదు చేయించకపోతే, ఆ తేడా సరిహద్దులోనే బయటపడుతుంది. అప్పుడు నచ్చచెప్పడానికి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

కారు వేరొకరి పేరున ఉంటే, అది భార్య లేదా భర్త పేరే అయినా, యజమాని సంతకంతో అనుమతి పత్రం ఉండాలి. ఎవరు, ఏ నంబరు బండిని, ఏ దేశాలకు, ఏ తేదీ వరకు నడపవచ్చో అందులో స్పష్టంగా రాసి, నోటరీ చేయించి, అవసరమైతే వెళ్లే దేశపు భాషలోకి ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. కారు మీద అప్పు ఇంకా ఉంటే అప్పు ఇచ్చిన సంస్థ నుంచి అభ్యంతరం లేదనే లేఖ తీసుకోవాలి. అద్దె కారైతే దేశం దాటించడానికి ఆ సంస్థ రాతపూర్వక అనుమతి తప్పనిసరి.

కార్నేకు దరఖాస్తు

కార్నే డి పాసేజ్ అన్నది కారుకు పాస్‌పోర్టు వంటి పుస్తకం, కస్టమ్స్ అధికారి కోరే పూచీ ఇదే. ప్రైవేటు వాహనాల తాత్కాలిక దిగుమతిపై 1954లో న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందం, ఆ తరువాత 1990 నాటి ఇస్తాంబుల్ ఒప్పందం దీనికి ఆధారాలు. దీన్ని ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య) వ్యవస్థలో అధికారం పొందిన ఆటోమొబైల్ సంఘాలు జారీ చేస్తాయి. ఇది అన్ని దేశాలకూ అవసరం లేదు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌లో నివాసం లేని వ్యక్తి తన సొంత కారును కార్నే లేకుండానే సాధారణంగా ఆరు నెలల వరకు అక్కడ ఉంచుకోవచ్చు. ఇరాన్, పాకిస్తాన్, భారత్, ఈజిప్టు, జపాన్, ఆస్ట్రేలియా వంటి దేశాల మీదుగా వెళ్లేవారు మాత్రం దీన్ని దృష్టిలో ఉంచుకునే ప్రణాళిక వేసుకోవాలి.

దరఖాస్తు ఫారంలో కారు తయారీ సంవత్సరం, మోడల్, రంగు, సీట్ల సంఖ్య, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, ప్రస్తుత విలువ మొదలైనవి నింపాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు నకళ్లు, వెళ్లదలచిన దేశాల జాబితా జతచేయాలి. ఆ తరువాత వచ్చేది పూచీ మొత్తం. కారు విలువను, జాబితాలోని దేశాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సుంకాన్ని లెక్కలోకి తీసుకుని సంఘం ఈ మొత్తాన్ని నిర్ణయిస్తుంది. నగదు డిపాజిట్, బ్యాంకు గ్యారంటీ, బీమా పూచీ అనే పద్ధతుల్లో వేటిని అంగీకరిస్తారో సంఘాన్ని బట్టి మారుతుంది. సుంకం అధికంగా ఉన్న ఒక్క దేశం జాబితాలో చేరితే చాలు, మొత్తం పూచీ కారు విలువనే మించిపోవచ్చు. అందుకే ఆ దేశానికి వెళ్లి తీరాలా అన్న ప్రశ్న ఫారం నింపేటప్పుడే వేసుకోవాలి. పూచీ తగ్గుతుందని కారు విలువను తక్కువ చేసి రాయడం మాత్రం తెలివైన పని కాదు, కస్టమ్స్ అధికారి దాన్ని తప్పుడు ప్రకటనగా పరిగణించగలడు.

కార్నే ఐదు, పది లేదా ఇరవై ఐదు పేజీలతో వస్తుంది, గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం. ఒక్కో దేశంలో ఒక్కో ప్రవేశానికి ఒక పేజీ వాడుకలోకి వస్తుంది కాబట్టి, ఒకే దేశంలోకి రెండుసార్లు వెళ్లాల్సి వస్తే రెండు పేజీలు లెక్కవేసుకోవాలి. ప్రతి పేజీలో మూడు భాగాలుంటాయి. ప్రవేశ భాగాన్ని లోపలికి వచ్చేటప్పుడు, నిష్క్రమణ భాగాన్ని బయటికి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వారు చించి ఉంచుకుంటారు. మూడో భాగం పుస్తకంలోనే ఉండి రెండు ముద్రలూ పొందుతుంది. నిష్క్రమణ ముద్ర పడకుండా సరిహద్దు దాటితే, కారు ఆ దేశంలోనే ఉండిపోయిందని లెక్క. సుంకం కట్టమని నోటీసు నెలల తరువాతైనా రావచ్చు. రాత్రి వేళ, వాన వేళ, వెనుక బండ్ల హారన్లు మోగుతున్నా సరే, ముద్ర, తేదీ, సంతకం మూడూ చూసుకున్నాకే బండి కదిలించాలి.

డ్రైవింగ్ పర్మిట్

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ స్వతంత్రమైన లైసెన్సు కాదు, సొంత దేశపు లైసెన్సుకు అనేక భాషల్లో ఉన్న అనువాదం మాత్రమే. అసలు లైసెన్సు వెంట లేకపోతే దీనికి విలువ లేదు, జారీ చేసిన దేశంలోనూ ఇది చెల్లదు. ఇక్కడ గమనించవలసింది నమూనా. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్ జారీ అయిన తేదీ నుంచి ఒక సంవత్సరం చెల్లుతుంది. 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు, లేదా అసలు లైసెన్సు గడువు ముగిసేవరకు, ఏది ముందైతే అది. కొన్ని దేశాలు ఒక నమూనానే గుర్తిస్తాయి. జపాన్ 1949 నమూనాను మాత్రమే అంగీకరిస్తుంది కనుక, జర్మనీ లైసెన్సుతో అక్కడికి వెళ్లేవారు పర్మిట్‌కు బదులు ధ్రువీకరించిన జపనీస్ అనువాదం వెంట ఉంచుకుంటారు. చైనా ప్రధాన భూభాగంలో ఏ నమూనా పర్మిట్ కూడా చెల్లదు, అక్కడి తాత్కాలిక డ్రైవింగ్ అనుమతి వేరుగా పొందాలి.

దరఖాస్తును అసలు లైసెన్సు ఇచ్చిన దేశంలోనే, అక్కడి రవాణా శాఖకు గాని ప్రభుత్వం అధికారమిచ్చిన ఆటోమొబైల్ సంఘానికి గాని సమర్పించాలి. నింపిన ఫారం, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు నకలు, ఫొటోలు, రుసుము దాదాపు అన్నిచోట్లా కావాలి. కొన్ని దేశాల్లో వైద్య ధ్రువపత్రం, వీసా నకలు కూడా అడుగుతారు. శిక్షణ లైసెన్సు మీద పర్మిట్ ఇవ్వరు. కారుకు బి వర్గం సరిపోతుంది గాని, దాని వెనుక 750 కిలోల పైబడిన ట్రైలర్‌ను లాగాలనుకుంటే అదనపు అర్హత అవసరం కావచ్చు కాబట్టి, పర్మిట్‌లో ఆ వర్గానికి ముద్ర పడిందో లేదో చూసుకోవాలి. ఐక్యరాజ్యసమితి పేరుతో ఇంటర్నెట్‌లో అమ్మే పర్మిట్లు కొనవద్దు. ఒప్పందాలకు ఆ సంస్థ వేదికే గాని, వ్యక్తులకు పర్మిట్లు ఇచ్చే పని అది చేయదు.

బీమా

సొంత దేశంలోని బీమా పాలసీ సరిహద్దు దాటాక పనిచేస్తుందని అనుకోకూడదు. యూరప్‌లోనూ దాని పొరుగున ఉన్న మరికొన్ని దేశాల్లోనూ 1953 నుంచి గ్రీన్ కార్డు పద్ధతి నడుస్తోంది. ఈ వ్యవస్థలోని దేశంలో రిజిస్టరైన కారుకు థర్డ్ పార్టీ బీమా ఉన్నట్టు సొంత బీమా సంస్థే ఈ కార్డు ఇస్తుంది. కార్డు మీద దేశాల సంకేతాక్షరాలు గళ్లలో ఉంటాయి, కొట్టివేసిన గడిలోని దేశంలో బీమా వర్తించదు. 2020 జులై నుంచి దీన్ని తెల్ల కాగితం మీద కూడా ముద్రించుకోవచ్చు, కాబట్టి ఆకుపచ్చగా లేదని కంగారుపడనక్కరలేదు. ఈ వ్యవస్థ బయటి దేశం నుంచి వచ్చేవారు సరిహద్దు బీమా కొనవలసి ఉంటుంది. అది ఇతరులకు జరిగే నష్టాన్నే భరిస్తుంది. సొంత కారు నష్టానికి, దాన్ని ఇంటికి చేర్చే ఖర్చుకు వేరే పాలసీ చూసుకోవాలి.

రోడ్డు మీద

కారు వెనుక భాగంలో రిజిస్ట్రేషన్ దేశాన్ని తెలిపే అక్షరాలు ఉండాలి. వియన్నా ఒప్పందం ప్రకారం ఇవి తెల్లని అండాకారంపై నల్లగా, కనీసం 8 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. బ్రిటన్ 2021 సెప్టెంబరు 28 నుంచి జీబీ స్థానంలో యూకే అక్షరాలు వాడుతోంది, పాత స్టిక్కరు విదేశాల్లో ఇక చాలదు. ఎడమవైపు నడిచే దేశం నుంచి కుడివైపు నడిచే దేశానికి వెళ్లేటప్పుడు హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా సర్దించుకోవాలి. హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్టు, ప్రథమ చికిత్స పెట్టె చాలా ఐరోపా దేశాల్లో చట్టం కోరే వస్తువులు. జాకెట్టు డిక్కీలో కాక చేతికందే చోట ఉండాలి. స్పీడ్ కెమెరాలను పసిగట్టే పరికరాలు ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్‌లో నిషిద్ధం. మద్యం విషయంలో దేశాల మధ్య తేడా చాలా ఉంది. ఇంగ్లండ్‌లో రక్తంలో 0.08 శాతం వరకు అనుమతి ఉంటే, హంగరీ, చెక్ రిపబ్లిక్‌లలో పరిమితి సున్నా. ఫ్రాన్స్‌లో క్రిట్‌ఎయిర్, జర్మనీలో ఉమ్‌వెల్ట్ ప్లకెట్ అనే కాలుష్య స్టిక్కర్లు లేకుండా కొన్ని నగరాల్లోకి వెళ్లకూడదు. వీటికి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలుతో ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు.

తాత్కాలికంగా దిగుమతి అయిన కారును ఆ దేశంలో అమ్మకూడదు, అక్కడి నివాసులకు నడపడానికి ఇవ్వకూడదు. ప్రమాదంలో పూర్తిగా పాడైనా వదిలేసి రాకూడదు. పోలీసు నివేదికతో కస్టమ్స్ కార్యాలయానికి వెళ్లి, కారు ధ్వంసమైనట్టు గాని వారికి అప్పగించినట్టు గాని రాతపూర్వక ధ్రువీకరణ పొందాలి. ఐరోపాలో ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ప్రమాద వివరణ ఫారం వివిధ భాషల్లో ఒకే క్రమంలో ఉంటుంది కనుక, మీ భాషలోని ప్రతిని పక్కన పెట్టుకుని చదివి, అర్థమైన తరువాతే సంతకం చేయాలి.

తిరిగి వచ్చాక సొంత దేశపు కస్టమ్స్‌లో పునఃప్రవేశం నమోదు చేయించి, కార్నేను జారీ చేసిన సంఘానికి గడువులోగా అప్పగించాలి. ఎక్కడైనా ముద్ర తప్పిపోయి ఉంటే, కారు ఇప్పుడు సొంత దేశంలోనే ఉందని అధికారి చూసి ఇచ్చే ధ్రువపత్రాన్ని జతచేయాలి. సంఘం ప్రతి పేజీని పరిశీలించి, ఏ దేశం నుంచీ బకాయి రాదని నిర్ధారించుకున్నాకే పూచీ సొమ్మును విడుదల చేస్తుంది. అంతవరకు పుస్తకం ప్రతి పేజీ నకలు, డిపాజిట్ రసీదు మీ దగ్గర ఉంచుకోవాలి.