డెన్సిటోమీటర్ లేకుండా నెగటివ్ సాంద్రత

సయనోటైప్ (నెగటివ్‌ని కాగితానికి ఆనించి ఎండతో వేసే నీలం రంగు ప్రింట్) ఎండలో పెట్టి, కడిగాక గానీ తెలియదు నెగటివ్ మరీ పలచనయిందని. కాగితం, రసాయనం రెండూ దండగ. నెగటివ్ చిక్కదనం, అంటే సాంద్రత, కొలిచే డెన్సిటోమీటర్ కొనే స్తోమత నాకు లేదు, కెమెరాలో చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌తోనే పని కానిస్తున్నాను.

ఎల్ఈడీ లైట్ ప్యాడ్ మీద నెగటివ్ పెట్టండి. చుట్టూ నల్ల అట్టతో మూసేయండి. ఈ అట్ట ముఖ్యం, పక్కనుంచి వెలుగు లెన్సులోకి చిమ్మితే లెక్క తక్కువ చూపిస్తుంది. గదిలో లైటు ఆర్పేయండి. కెమెరాను స్టాండ్‌కి బిగించి మాన్యువల్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టి కదపొద్దు. ముందు నెగటివ్‌లో పలచగా ఉన్న చోట, అంటే వివరం కనబడాల్సిన నీడ దగ్గర, మీటర్ సున్నాకి వచ్చేదాకా షట్టర్ స్పీడ్ తిప్పండి. తర్వాత బాగా చిక్కగా ఉన్న చోట కూడా అలాగే. మధ్యలో ఎన్ని క్లిక్కులు తిరిగిందో అదే ఆ రెండు చోట్ల మధ్య సాంద్రత తేడా: మూడో వంతు స్టాప్ క్లిక్కు ఒకటికి 0.1. నిన్న నాది 1/125 నుంచి 1/4 దాకా వెళ్లింది, 15 క్లిక్కులు, అంటే 1.5.

మామూలు బ్రోమైడ్ ఫోటో కాగితానికి ఈ తేడా 1.0 చుట్టుపక్కల చాలు. ప్లాటినమ్ ప్రింట్‌కి దాదాపు 1.5, సాల్ట్ ప్రింట్‌కి ఇంకా ఎక్కువ కావాలి.

పైరో అనే, మరక వదిలే డెవలపర్‌లో డెవలప్ చేసిన నెగటివ్‌కి మాత్రం ఇది పనికిరాదు. ఆ పసుపు మరక కెమెరాకి పలచగానే కనిపిస్తుంది, ఇలాంటి ప్రింట్లను వేసే అతినీలలోహిత కిరణాలను మాత్రం గట్టిగా ఆపేస్తుంది. వాటికి చిన్న ముక్క మీద టెస్ట్ ప్రింట్ వేసుకోవాల్సిందే.