యోషిదా ప్రింటు కొనే ముందు ఎడమ అంచు చూడండి

జపాన్ చిత్రకారుడు హిరోషి యోషిదా చెక్క అచ్చు చిత్రాలు ఆన్‌లైన్లో కొనేటప్పుడు పెద్ద చిక్కు ఒక్కటే: ఆయన బతికుండగా అచ్చయిందా, 1950లో ఆయన పోయాక అవే చెక్కలతో మళ్లీ తీసిందా అన్నది బొమ్మ చూస్తే తెలియదు. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

అమ్మేవారిని మూడు ఫోటోలు అడగండి: ఎడమ అంచు, కింది సంతకం, వెనకవైపు. ఎడమ అంచులో ‘జిజురి’ అనే రెండక్షరాల చిన్న ముద్ర ఉండాలి. స్వయంగా అచ్చు వేసినది, అంటే ఆయన పర్యవేక్షణలో తయారైనదని అర్థం. జపనీస్ రాకపోయినా పరవాలేదు. మొదటి అక్షరం నిలువు పెట్టెలా ఉంటుంది, లోపల రెండు అడ్డగీతలు, నెత్తిన చిన్న గీత. నాకు దాన్ని గుర్తుపట్టడం ఒక్క సాయంత్రంలో అలవాటైంది.

ప్రింటు చేతికందితే, సంతకం ఆయన చేత్తో పెట్టిందో అచ్చువేసిందో తేల్చడానికి ఫోను టార్చి పక్కనుంచి, దాదాపు కాగితానికి ఆనించి వేయండి. పెన్సిల్ సంతకమైతే సన్నగా మెరుస్తుంది, కాగితంపై కాస్త నొక్కు కనిపిస్తుంది. అచ్చువేసిన సంతకం చదునుగా, మెరుపు లేకుండా ఉంటుంది.

ఒక జాగ్రత్త. యోషిదా 1925లో సొంతంగా ప్రచురించడం మొదలుపెట్టక ముందు, వతనాబె అనే ప్రచురణకర్త తెచ్చిన ఆయన తొలి ప్రింట్లకు ఈ ముద్ర ఉండదు. అవి నకిలీవని వదులుకోకండి. అంచులు కత్తిరించిన ప్రింట్లకూ ఈ పద్ధతి పనిచేయదు. ఫ్రేములో ఉంటే అట్ట కింద అంచు దాగి ఉండవచ్చు, తీయించి చూడండి.