ఆసియా జెబార్ నవల చదవడం ఎలా?

కావలసినవి: పెన్సిల్, అల్జీరియా పటం, అల్జీరియా రచయిత్రి జెబార్ ఫ్రెంచిలో రాసిన నవల ‘లామూర్, లా ఫాంతాజియా’ (1985). ఫ్రెంచి రాకపోతే ఇంగ్లిషు అనువాదం చాలు. పెన్ను మాత్రం వద్దు. పెన్నుతో గీసిన వాక్యం గురించి మళ్లీ ఆలోచించబుద్ధి కాదు.

ముందు పటంలో అల్జీర్స్‌కు పడమటి తీరాన ఉన్న షెర్షెల్ వెతకండి. జెబార్ 1936లో పుట్టింది అక్కడే. ముందుమాట జోలికి పోకుండా నేరుగా మొదటి పేజీకి వెళ్లండి: తండ్రి చేయి పట్టుకుని ఫ్రెంచి బడికి వెళుతున్న చిన్నపిల్ల కనిపిస్తుంది.

తర్వాత ఆమె బాల్యమూ, 1830 నాటి ఫ్రెంచి దండయాత్రా మార్చి మార్చి వస్తాయి. విసుగనిపించినా యుద్ధం పేజీలు దాటేయకండి. 1845లో దహ్రా గుహల్లో దాక్కున్న తెగను ఫ్రెంచి సైన్యం పొగపెట్టి చంపిందని అక్కడే చదువుతారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ నవల ‘ప్రవాసం’ గురించి అనగానే అందరూ ఇందులో దేశం దాటిన మనిషి కోసం వెతుకుతారు. దొరక్కపోతే ముసుగు మీద నాలుగు మాటలు చెప్పి లేచిపోతారు. నేను కూర్చున్న చర్చల్లో సగం అలాగే తగలబడ్డాయి. ఈ నవలలో ప్రవాసం ఇంట్లోనే మొదలవుతుంది. ఈడొచ్చిన తోటిపిల్లలు గడప లోపల ఉండిపోతే, ఫ్రెంచి చదువు ఈ పిల్లకు వీధి తలుపు తీసింది. ఆ చదువే ఆమెకు అమ్మ నోటి అరబ్బీలోని ముద్దుమాటలను దూరం చేసింది. ఫ్రెంచిని ఆమె సవతి తల్లి అంటుంది. ఈ రెంటిలో ఒకటే పట్టుకున్నారా, నవల చేజారినట్టే.

పోస్టుకార్డు ఘట్టం దగ్గర మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. ఊరు వెళ్లిన తండ్రి భార్య పేరు మీదే కార్డు రాస్తాడు. చుట్టాల ఆడవాళ్లు నివ్వెరపోతారు. అరబ్బీలో భర్తను ‘ఆయన’ అనే తల్లి, ఫ్రెంచి నేర్చుకుంటూ ‘నా భర్త’ అనడం మొదలుపెడుతుంది. “మా అమ్మమ్మా అంతే!” అని మనవాళ్లు నవ్వేస్తారు. నవ్వండి, కానీ అక్కడితో ఆగకండి. అమ్మమ్మ పలకనిది భర్త పేరు. ఆ కార్డు మీద నలుగురి కంటా పడింది భార్య పేరు, అదీ దేశాన్ని ఆక్రమించినవాళ్ల భాషలో.

మూడో భాగంలో స్వాతంత్ర్య యుద్ధం చూసిన పల్లె ఆడవాళ్ల మాటలు పైకి చదవండి. మనసులో చదివితే ఆ గొంతులు వినిపించవు.

చివర్లో చిత్రకారుడు ఫ్రొమాంతాన్ దారిలో ఒక స్త్రీ తెగిన చేతిని ఎత్తి, మళ్లీ పారేస్తాడు. ఆ చేతికి ‘కలం’ అందించాలని జెబార్ చూస్తుంది. అది అరబ్బీ మాటే, మనదీ అయింది. దాని కింద గీత గీసి, మొదటి పేజీలో తండ్రి పట్టుకున్న చేతిని మళ్లీ చూడండి.