పవర్ ఆంప్లిఫయర్ కడదాం – 6వ పాఠం: సిగ్నల్ లేకుండానే కూసే బోర్డు

పోయిన పాఠంలో 2.45 గిగాహెర్ట్జ్‌కి మ్యాచింగ్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను ట్రాన్సిస్టర్‌తో జతపరచడం) పూర్తి చేశాం. బోర్డుకి కరెంటు ఇచ్చే ముందు ఒక్క సంగతి. గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీది గదిలో నేను ఇలాంటి బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇన్‌పుట్‌లో సిగ్నలే లేదు. డ్రెయిన్ (ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ కాలు) కరెంటు 200 మిల్లీఆంప్‌ల దగ్గర పెట్టాను. చూస్తుండగానే 900 దాటింది. బయాస్ వైరు (ట్రాన్సిస్టర్‌కి పనిచేసే వోల్టేజి ఇచ్చే వైరు) దగ్గరికి చెయ్యి తెస్తే తగ్గింది, తీస్తే పెరిగింది. చేతికి లొంగే కరెంటు కనబడితే అది ఆసిలేషనే, అంటే బోర్డు తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోందని అనుకోండి. నేను అనుకోలేదు, ట్రాన్సిస్టర్ కాలిపోయింది.

పెళ్లిలో పంతులుగారి మైకు కుయ్యిమంటుంది కదా, ఆ కూత ఆయన గొంతు శ్రుతిలో ఉండదు. మైకు, స్పీకరు, హాలు కలిసి దేనికి అనుకూలిస్తే ఆ శ్రుతిలో ఉంటుంది. మన బోర్డూ అంతే. మనం 2.45 దగ్గర లెక్కలు వేసుకుంటాం, అది ఇంకెక్కడో కూస్తుంది. అందుకే ట్రాన్సిస్టర్ డేటా నుంచి లెక్కగట్టే రెండు స్థిరత్వపు కొలతలు, కె ఫ్యాక్టర్ 1 కన్నా ఎక్కువ, డెల్టా పరిమాణం 1 కన్నా తక్కువ ఉన్నాయా అని పనిచేసే బ్యాండులోనే కాదు, ట్రాన్సిస్టర్ డేటా ఉన్నంత మేరా చూడాలి.

అసలు భయం కింది ఫ్రీక్వెన్సీలతోనే, అక్కడ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) విపరీతంగా ఉంటుంది. నా బోర్డులో దొంగ బయాస్ లైనే. 100 నానోహెన్రీల చోక్ (హై ఫ్రీక్వెన్సీని అడ్డుకునే కాయిల్), 100 పికోఫారడ్‌ల కెపాసిటర్ కలిస్తే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి, అంటే రెజొనెన్స్ ఎంత? సుమారు 50 మెగాహెర్ట్జ్. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) గీత సరిగ్గా ఆ చుట్టుపక్కలే లేచింది.

మందు ఏమిటంటే ఆ రెజొనెన్స్‌ని మొద్దుబార్చడం. గేట్ (ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ కాలు) దాదాపు కరెంటు లాగదు కాబట్టి దాని బయాస్‌లో చోక్‌తో పాటు వరసగా 22 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టేయొచ్చు. డ్రెయిన్ వైపు ఆ పని చేస్తే ఒక ఆంపియర్‌కి 22 వోల్టులు అక్కడే హారతి కర్పూరం. అక్కడ 100 పికోఫారడ్ పక్కనే, 5 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో ఉన్న 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని గ్రౌండ్‌కి దింపండి. కెపాసిటర్లు ఎన్ని పెట్టినా రెసిస్టర్ లేకపోతే రెజొనెన్స్ చోటు మారుతుందే తప్ప పోదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండు ట్రాన్సిస్టర్లు పక్కపక్కన పెట్టినవాళ్లు రెండు గేట్ల మధ్య కూడా చిన్న రెసిస్టర్ వేసుకోండి. అవి ఒకదానితో ఒకటి ఊగులాడితే కె ఫ్యాక్టర్‌లో కనిపించదు.

ఆన్ చేసేటప్పుడు గేట్‌కి ముందు నెగటివ్ వోల్టేజి ఇచ్చి, తర్వాతే డ్రెయిన్‌కి 10 వోల్టులు, ఆపైన 28. సప్లైలో కరెంట్ లిమిట్ పెట్టుకోండి. ఎనలైజర్ ముందు అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) మర్చిపోవద్దు. పరీక్ష మధ్యాహ్నం ఒక్కసారే చేసి ఊరుకోకండి. చల్లబడితే గెయిన్ పెరుగుతుంది. మే నెల ఎండలో బుద్ధిగా ఉన్న బోర్డు జనవరి తెల్లవారుజామున కూయొచ్చు.

ఇక బోర్డుని ఉంచే లోహపు పెట్టె మూత. మూత లేనప్పుడు బాగుండి, బిగించగానే కూస్తే ఆ పెట్టె రెజొనెన్సే కారణం. 150ని మిల్లీమీటర్లలో ఉన్న పొడవుతో, వెడల్పుతో విడివిడిగా భాగించి, రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీయండి, పెట్టె రెజొనెన్స్ గిగాహెర్ట్జ్‌లలో వస్తుంది. 100, 60 మిల్లీమీటర్ల పెట్టెకి 2.9 గిగాహెర్ట్జ్ వస్తుంది, మన బ్యాండుకి బాగా దగ్గర. మీ పెట్టె కొలతలతో లెక్క చేసి ఉంచండి. వచ్చే పాఠంలో మూత లోపల అబ్జార్బర్ షీటు (సిగ్నల్‌ని పీల్చుకునే షీటు) అంటిస్తాం.