ఆరు బడ్జీలకు విశాలమైన పంజరం అమర్చుకునే పద్ధతి

మన ఊళ్లలోని పక్షుల దుకాణాల్లో ‘లవ్ బర్డ్స్’ అనే పేరుతో ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు రంగుల్లో అమ్మే చిన్న చిలుకలు చాలావరకు బడ్జెరిగర్లు, అంటే బడ్జీలు. ఆస్ట్రేలియా లోపలి పొడి మైదానాల్లో గింజలూ నీళ్లూ ఎక్కడ దొరికితే అక్కడికి గుంపులు గుంపులుగా ఎగిరిపోతూ బతికే జాతి ఇది. 1840లో జాన్ గౌల్డ్ వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్లిన తరువాత ఇళ్లలో పెంచే అలవాటు యూరప్ అంతటా, ఆపైన ప్రపంచమంతటా వ్యాపించింది. తోకతో కలిపి సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 30 నుంచి 40 గ్రాముల బరువు మాత్రమే ఉండే ఈ పక్షికి తోటివారి సావాసం ఎంత అవసరమో, రెక్కలు పూర్తిగా చాచి ఎగరడానికి చోటు కూడా అంతే అవసరం. తోడు ఉంటుందని నాలుగైదు పక్షులను తెచ్చి, అవి ఒక కొమ్మ మీది నుంచి మరో కొమ్మ మీదికి గెంతడానికి మాత్రమే వీలయ్యే పంజరంలో ఉంచితే, ఒకదాని తోక మరొకటి పీకడం, బలహీనమైనదాన్ని తిండి దగ్గరికి రానివ్వకపోవడం త్వరలోనే మొదలవుతాయి. అందుకే ముందుగా ఎన్ని పక్షులను పెంచదలచుకున్నారో నిశ్చయించుకుని, పంజరం సిద్ధమైన తరువాతే వాటిని తీసుకురావాలి.

ఆరు బడ్జీలకు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల లోతు, రెండున్నర నుంచి మూడు అడుగుల ఎత్తు గల పంజరం సౌకర్యంగా ఉంటుంది. ఎనిమిది, పది పక్షులను పెంచాలనుకుంటే పొడవును ఆరు అడుగులకు పెంచాలి. బడ్జీ హెలికాప్టరులా నిట్టనిలువుగా లేచే పక్షి కాదు, అడ్డంగా ఎగిరే పక్షి. కాబట్టి ఎత్తు తగ్గినా సర్దుకోవచ్చు గాని పొడవు తగ్గకూడదు. సన్నగా, ఎత్తుగా ఉండే పంజరాలూ, గోపురం ఆకారంలోని గుండ్రని పంజరాలూ చూడడానికి ముచ్చటగా ఉన్నా, వాటి పైభాగంలో పక్షులన్నీ ఒకేచోట ఇరుకుగా చేరతాయి, కింది సగం వృథాగా పోతుంది. పంజరం పెద్దదిగా ఉంది కదా అని రెక్కలు కత్తిరించిన పక్షులను అందులో వదలడంలో అర్థం లేదు. ఎగరలేని పక్షికి ఎంత చోటిచ్చినా ఉపయోగపడదు.

ఇంత పెద్ద పంజరం దుకాణంలో దొరకకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. ఇనుప చట్రానికి అరంగుళం గళ్ల వెల్డ్ మెష్ బిగించమని చెప్పాలి. గడి అంతకంటే పెద్దదైతే పక్షి తల దూర్చి ఇరుక్కునే ప్రమాదం ఉంది, ఎలుక పిల్లలు కూడా లోపలికి వస్తాయి. కోళ్ల గూళ్లకు వాడే పలుచని ఆరు పలకల జాలీ దీనికి పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అన్నిటికంటే మంచిది, అయితే ఖర్చు ఎక్కువ. ఎక్కువమంది వాడే జీఐ జాలీ మీద జింకు పూత ఉంటుంది. బడ్జీలు ముక్కుతో తీగలను పట్టుకుని ఎక్కుతూ, కొరుకుతూ ఉంటాయి గనుక ఆ పూత పొలుసులుగా ఊడి కడుపులోకి పోతే విషమవుతుంది. జీఐ జాలీ వాడక తప్పనప్పుడు, కొత్త జాలీని వెనిగర్‌తో, గట్టి బ్రష్‌తో రుద్ది, నీళ్లతో బాగా కడిగి, ఎండలో ఆరబెట్టాలి. దీనితో ప్రమాదం పూర్తిగా పోదు గాని, పైన వదులుగా ఉన్న తెల్లని పొడి, అతుకుల దగ్గర కనిపించే బొడిపెలు చాలావరకు పోతాయి. ఆ తరువాత కూడా ఎక్కడైనా పూత లేస్తున్నట్లు కనిపిస్తే ఆ ముక్కను మార్చడమే మంచిది. చట్రానికి రంగు వేయిస్తే సీసం లేని రంగునే ఎంచుకోవాలి, వాసన పూర్తిగా పోయేదాకా పక్షులను అందులో ఉంచకూడదు. జాలీ కత్తిరించిన కొసలు లోపలి వైపుకు రాకుండా చట్రం పట్టీ కింద మూసి వేయించి, తీసుకునే ముందు లోపలి అంచులన్నిటినీ చేత్తో తడిమి చూసుకోవాలి.

తలుపుల విషయంలో కొంచెం ఆలోచన అవసరం. శుభ్రం చేయడానికి, కొమ్మలు మార్చడానికి చేయి భుజం వరకు లోపలికి పోయేంత పెద్ద తలుపు ఒకటి, రోజూ గింజలు, నీళ్లు పెట్టడానికి చిన్న తలుపులు రెండు ఉండాలి. పెద్ద తలుపు ఒక్కటే ఉంటే తిండి పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక పక్షి తప్పించుకునే అవకాశం ఉంటుంది. పైకి జరిపే తలుపులను బడ్జీలు ముక్కుతో లేపగలవు, కాబట్టి వాటికి గడియతో పాటు ఒక క్లిప్పు కూడా తగిలించాలి. అడుగున బయటకు లాగే ట్రే, దాని పైన రెట్టలు కిందికి జారిపోయేలా జాలీ ఉంటే పక్షులు పాడైన గింజలను ఏరుకుని తినవు. ట్రేలో పాత వార్తాపత్రిక పరిస్తే చాలు. రంపపు పొట్టు వేస్తే దుమ్ము లేస్తుంది, రెట్ట ఎలా ఉందో కూడా తెలియదు.

పంజరం ఎక్కడ పెట్టాలన్నది, అది ఎంత పెద్దదన్న దానికంటే తక్కువ విషయమేమీ కాదు. వంటింట్లోనూ, వంటింటి గాలి నేరుగా వచ్చే హాల్లోనూ పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మంట మీద ఉండిపోయి మాడితే వెలువడే వాయువు మనకు వాసనగా కూడా తెలియకముందే పక్షుల ఊపిరితిత్తులను దెబ్బతీసి, నిమిషాల్లో ప్రాణం తీయగలదు. మన ఇళ్లలో రోజూ వెలిగించే అగరుబత్తీలు, సాంబ్రాణి పొగ, దోమల చక్రాలు, ప్లగ్గుకు పెట్టే దోమల మందు, గదుల్లో చల్లే సువాసన స్ప్రేలు కూడా వీటికి హాని చేస్తాయి. దేవుడి గది పక్కన పంజరం పెట్టే ఆలోచన ఉంటే మానుకోవాలి. దోమల బాధకు సాయంత్రం నుంచి పంజరం చుట్టూ దోమతెర కప్పడం చక్కని ఉపాయం. అది లోపలికి చేరి గోళ్లకు చిక్కుకోకుండా జాలీకి కొంత ఎడంగా వేలాడదీయాలి.

అపార్ట్‌మెంట్లలో చాలామంది బాల్కనీని ఎంచుకుంటారు. ఉదయపు ఎండ కొంతసేపు తగిలే తూర్పు బాల్కనీ మంచిదే, అయితే పడమటి ఎండ పడే బాల్కనీలో వేసవిలో పక్షులను ఉంచడం ప్రాణాంతకం. ఎటు చూసినా పంజరంలో సగానికి పైగా ఎప్పుడూ నీడలో ఉండాలి, వెనుక ఒక వైపైనా గోడ ఉండాలి. నాలుగు వైపులా తెరిచి ఉంటే కాకి వాలినా, గద్ద నీడ కదిలినా వాటికి దాక్కునే చోటు ఉండదు. పిల్లులు పంజా దూర్చకుండా బాల్కనీకి వేరే జాలీ వేయించడం, లేదా రాత్రి పంజరాన్ని గదిలోకి జరపడం అవసరం. కాళ్లకు చక్రాలు వేయిస్తే ఈ పని ఒక్కరే చేసుకోవచ్చు. దీపావళి నాటి పటాకుల శబ్దానికి బెదిరి చీకట్లో జాలీకి కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకోగలవు కాబట్టి, ఆ రోజుల్లో లోపలి గదిలో పెట్టి చిన్న దీపం వెలుగుతూ ఉండేలా చూడాలి. మే నెలలో పక్షి నోరు తెరిచి ఆయాసపడుతూ రెక్కలను ఒంటికి ఎడంగా పట్టుకుని కూర్చుంటే వేడి భరించలేకపోతున్నదని అర్థం. వెంటనే చల్లని గదిలోకి మార్చి, వెడల్పాటి పళ్లెంలో అంగుళం లోతుకు మించకుండా నీళ్లు పెట్టాలి. కూలరు గాలి నేరుగా వాటి మీదికి కొట్టకూడదు.

ఇక లోపలి అమరిక. ఎంత విశాలమైన పంజరాన్నైనా ఇరుకుగా మార్చేది, దాని నిండా వస్తువులు వేలాడదీయాలన్న మన ఉత్సాహమే. పొడవులో మధ్యనున్న రెండు మూడు అడుగులను పూర్తిగా ఖాళీగా వదిలి, కూర్చునే కొమ్మలను రెండు కొసలకే బిగించాలి. అప్పుడే పక్షి ఇటు నుంచి అటు ఎగిరి వాలడానికి దారి దొరుకుతుంది. పంజరంతో పాటు వచ్చే ఒకే మందం గల ప్లాస్టిక్ కడ్డీలను తీసివేసి, జామ, వేప కొమ్మలను కడిగి, ఎండబెట్టి వాడుకోవాలి. కొమ్మ ఒకచోట చిటికెన వేలంత, మరోచోట బొటనవేలంత మందంగా ఉంటే పాదం పట్టు మారుతూ ఉంటుంది, అరికాలి మీద పుండ్లు పడవు. గోళ్లు అరుగుతాయని చెప్పి అమ్మే గరుకు కాగితం చుట్టిన కడ్డీలు అరికాళ్లను గీరుకుపోయేలా చేస్తాయి. గన్నేరు, జిల్లేడు వంటి పాలుగారే విషపు మొక్కల కొమ్మలనూ, మందు కొట్టిన తోటలోని కొమ్మలనూ దగ్గరికి రానివ్వకూడదు.

బడ్జీలన్నీ సాయంత్రం అయ్యేసరికి అన్నిటికంటే ఎత్తైన కొమ్మ కోసమే పోటీపడతాయి. అందువల్ల రెండు కొసల్లోనూ ఒకే ఎత్తులో పొడవైన కొమ్మలు పెట్టాలి. ఎత్తైన కొమ్మ ఒక్కటే ఉంటే ప్రతి రాత్రీ అక్కడ కొట్లాట తప్పదు. ఆ కొమ్మలకు సరిగ్గా కింద గింజల గిన్నె గాని, నీళ్ల గిన్నె గాని ఉంటే రెట్టలన్నీ అందులోనే పడతాయి. కొమ్మ గోడకు మరీ దగ్గరగా ఉంటే పక్షి వెనక్కి తిరిగినప్పుడు తోక ఈకలు జాలీకి రాసుకుని చిట్లిపోతాయి, కనుక జానెడు ఎడం ఉంచాలి. రాత్రి పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం వీటికి అవసరం. టీవీ నడిచే గదిలో ఉన్న పంజరానికి గాలి ఆడేలా పలుచని బట్ట కప్పితే కొంత మేలు.

ఆరు పక్షులకు ఒకే గింజల గిన్నె పెడితే బలమైన రెండు దాన్ని కాపలా కాస్తాయి. కనీసం మూడు గిన్నెలను దూరదూరంగా, నీళ్ల గిన్నెలను రెండు చోట్ల పెట్టాలి. కొర్రలు, వరిగలు, సామలు మన కిరాణా దుకాణాల్లోనే దొరుకుతాయి. కొర్ర కంకి వేలాడదీస్తే అదే వాటికి తిండీ, ఆటా అవుతుంది. గింజలు మాత్రమే తినే బడ్జీకి కొవ్వు పెరుగుతుంది, విటమిన్ ఎ లోపిస్తుంది. కాబట్టి మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్ రోజూ కొద్దిగా పెట్టి, మిగిలినదాన్ని గంట రెండు గంటల్లో తీసివేయాలి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, ఉప్పు వేసిన పదార్థాలు ఇవ్వకూడదు. సున్నపు ధాతువు (కాల్షియం) కోసం సముద్రపు నురుగు, అంటే కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఎముక, ముక్క ఒకటి జాలీకి కట్టాలి. ఒక్క మాట మాత్రం తప్పక గుర్తుంచుకోవాలి. బడ్జీలు గింజను ఒలిచి పొట్టును మళ్లీ గిన్నెలోనే వదులుతాయి. పైకి గిన్నె నిండుగా కనిపిస్తుంది, లోపల ఉన్నది ఒట్టి పొట్టే కావచ్చు. ఆ పొట్టును చూసి గింజలున్నాయనుకున్న ఇళ్లలో పక్షులు ఆకలితో చనిపోతాయి. రోజూ పొట్టు ఊది, చేత్తో తిప్పి చూసిన తరువాతే గింజలు కలపాలి.

ఆటవస్తువులు రెండు మూడు చాలు: ఒక ఊయల, కొరకడానికి మెత్తని చెక్క ముక్కలు, కొబ్బరి చిప్ప. దారాలు ఊడిన తాళ్లు కాలి వేళ్లకు చుట్టుకుంటాయి. తోడున్న పక్షులకు అద్దం అవసరం లేదు.

పంజరంలో మట్టి కుండలు కట్టడం మన దగ్గర మామూలే. పిల్లలను పెంచే ఉద్దేశం లేనివారు కుండలను కట్టనే కూడదు. కుండ కనిపించగానే ఆడ పక్షులు దానికోసం రక్తం వచ్చేలా పోట్లాడుకుంటాయి, వరుసగా గుడ్లు పెట్టి నీరసించిపోతాయి, గుడ్డు అడ్డుపడి చనిపోయే ప్రమాదమూ ఉంది. పెద్దైన మగ బడ్జీకి ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే కండ నీలంగా, ఆడదానికి గోధుమ రంగులో లేదా తెల్లటి లేత రంగులో ఉంటుంది. పూర్తి తెలుపు, పూర్తి పసుపు మగవాటికి మాత్రం అది గులాబీ, ఊదా రంగుల్లోనే ఉండిపోతుంది. ఆరింటిలో ఆడవి మగవాటికంటే ఎక్కువ కాకుండా చూసుకోవాలి. అన్నీ మగవైతే గుంపు మరింత ప్రశాంతంగా ఉంటుంది. సంఖ్య పెరిగిపోయిందని పుణ్యం పేరుతో వీటిని ఆకాశంలోకి వదిలే పని ఎవరూ చేయవద్దని మనసారా కోరుతున్నాను. పంజరంలో పుట్టి పెరిగిన బడ్జీకి ఇక్కడ తిండి వెతుక్కోవడం తెలియదు. చాలావరకు అవి కాకుల పాలే అవుతాయి.

నిజమైన లవ్ బర్డ్స్, అంటే ఆఫ్రికా జాతి పక్షులు, బడ్జీల కంటే బలమైన ముక్కు కలిగి, వాటి కాళ్లను కొరికివేయగలవు. రెంటినీ కలిపి ఉంచకూడదు. రామచిలుకను పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొత్తగా తెచ్చిన బడ్జీని నెల రోజులు వేరే గదిలో ఉంచి, ముక్కు చుట్టూ తెల్లని గరుకు పొలుసులు గాని, తుమ్ములు గాని, నీళ్ల విరేచనాలు గాని లేవని తేల్చుకున్న తరువాతే గుంపులో కలపాలి. చిలుకల నుంచి మనుషులకు వచ్చే సిట్టకోసిస్ అనే జబ్బు ఎండిన రెట్టల దుమ్ముతో వ్యాపిస్తుంది కనుక, ట్రే శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకుని, కాగితాన్ని కొద్దిగా తడిపి మడిచి పారవేయాలి.

ట్రే కాగితం, నీళ్లు రోజూ మార్చాలి. వేసవిలో నీళ్లు రెండు పూటలా మార్చాలి. వారానికోసారి గిన్నెలు, కొమ్మలు, జాలీ వేడినీళ్లతో కడగాలి. చీమలు ఎక్కకుండా పంజరం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు ఆ నీటిని రెండు మూడు రోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. చీమల మందు, లక్ష్మణరేఖ సుద్ద పంజరం దగ్గర గీయరాదు.

అన్నీ అమర్చాక ఆరు పక్షులనూ ఒకేసారి, ఉదయం పూట లోపలికి వదలాలి. ముందొకటి, తరువాతొకటి వదిలితే మొదట వచ్చింది పంజరమంతా తనదే అనుకుంటుంది. తొలి రెండు రోజులు కొత్త చోటు తెలియక తిండి గిన్నెల దగ్గరికి రాకపోవచ్చు గనుక, కొన్ని గింజలను అడుగున పళ్లెంలో కూడా చల్లి ఉంచాలి. ప్రతి పక్షి విడివిడిగా తింటున్నదో లేదో దూరం నుంచి గమనించాలి. వారం గడిచినా ఒకే పక్షి ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంటున్నా, దాన్ని తక్కినవి తరుముతున్నా, దాన్ని వేరే పంజరంలోకి మార్చి పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపించాలి.