సిలికాపై పాలిమర్ పూత నిలిచిన తీరు: నా అనుభవం

నేను తయారుచేసిన అయాన్ మార్పిడి కాలమ్‌లో (విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లను వేరుచేసే, పాలిమర్ పూసిన సిలికా పొడి నింపిన గొట్టం) ప్రోటీన్ల పీకులు (అవి బయటికొచ్చేటప్పుడు గ్రాఫులో కనిపించే శిఖరాలు) తోకలు సాగడమే కాక, ప్రతి రన్‌లోనూ మరికాస్త ముందే బయటపడుతూ వచ్చాయి. బఫర్ పీహెచ్ మార్చినా, గ్రేడియంట్ (ద్రావణంలో ఉప్పును క్రమంగా పెంచే తీరు) సాగదీసినా, కాలమ్ మళ్లీ నింపినా ఫలితం లేకపోయింది.

చివరికి 300 ఆంగ్‌స్ట్రామ్‌ల (30 నానోమీటర్ల) రంధ్రాలున్న సిలికాపై, శాఖలున్న పాలీఇథిలీన్‌ఇమీన్‌ను (అమీన్లనే నైట్రోజన్ గుంపులు నిండిన పాలిమర్) మిథనాల్‌లో కరిగించి పోసి, బుడగలు ఆగేదాకా వాక్యూమ్‌లో ఉంచాను. తరువాత వడకట్టాను గానీ కడగలేదు. ఇంతకుముందు నేను చేసిన తప్పు ఆ కడగడమే, ఇంకా ముడిపడని పాలిమర్ దాంతో కొట్టుకుపోయేది. తడిపొడికి గొలుసులను ముడివేసే బ్యూటేన్‌డయాల్ డైగ్లిసిడైల్ ఈథర్ ద్రావణం చేర్చి, రాత్రంతా వదిలి, మర్నాడు కాస్త వేడిచేయగా, పక్కపక్క గొలుసుల అమీన్లు ముడిపడి పూత వలలా రేణువును పట్టుకుంది. అప్పుడే కడిగాను, అమీన్లను పట్టిచూపే నిన్‌హైడ్రిన్‌తో పొడి ఊదారంగుకు తిరిగింది, చివరి కడుగునీరు తిరగలేదు, అంటే పూత పొడిపైనే నిలిచింది.

100 ఆంగ్‌స్ట్రామ్‌ల సిలికాపైనా ఇది పనిచేస్తుందని చెప్పలేను. అక్కడ పాలిమరే రంధ్రాలను పూడ్చవచ్చు.